గోస్తని పుట్టే వాలు

శివరాత్రి రోజుల్లో బొర్రా గుహల్లోకి దిగితే, బయట ఎండ చురుక్కుమంటున్నా లోపల పైకప్పు నుంచి చుక్క పడుతూనే ఉంటుంది. గైడు టార్చిలైటు వేసి ఇదిగో శివలింగం, అదిగో తల్లీబిడ్డ, ఆ మూల ఆవు పొదుగు అని చూపించుకుంటూ పోతాడు. జనం తలలు అటు తిరుగుతాయి. నా చూపు మాత్రం ఆ చుక్క దగ్గరే ఆగిపోయింది. గట్టి వాన పడి నెలలు దాటింది. మరి ఈ నీరు ఇన్నాళ్లూ ఎక్కడుంది?

నెత్తిమీది వాలులో ఉంది. వాలు మీద చెట్లు, చెట్ల కింద రాలిన ఆకు, ఆకు కింద మెత్తటి మట్టి. వాననీరు ఆ మట్టిలోంచి దిగేటప్పుడు వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలిన కార్బన్ డయాక్సైడును కలుపుకుని రవ్వంత పులుపెక్కుతుంది. ఆ పుల్లనీళ్లే సున్నపురాతిని కరిగిస్తాయి. కరిగిన సున్నాన్ని గుహలో చుక్కచుక్కగా దింపుతాయి. యుగాలుగా అదే పని. మనం టికెట్టు కొని చూసే ఈ బొమ్మలన్నిటినీ చెక్కింది పైనున్న అడవి మట్టే.

అంతలో గుహ పైనుంచి రైలు వెళ్లింది. ఇక్కడ పట్టాలు గుహల మీదుగానే పోతాయి. గైడు దాన్ని కూడా ఒక వింతగా చెప్పాడు.

విశాఖపట్నానికి దాదాపు 90 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న చోటిది. పూర్వం మేత మేస్తున్న ఆవొకటి కొండ మీది కంతలోంచి లోపల పడిపోయిందనీ, దాన్ని వెతుక్కుంటూ వచ్చిన కాపరికి ఈ గుహ కనబడిందనీ స్థలపురాణం. లోపల ఆవు పొదుగులాంటి రాయి, దాని కిందనుంచి పారే నీరు. అందుకే ఏటికి గోస్తని అని పేరు. ఆ ఏరే కొండలు దిగి, విజయనగరం జిల్లాలో తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1960ల్లో కట్టిన తాటిపూడి 15 వేల ఎకరాలకు పైగా తడుపుతూనే విశాఖ నగరానికి తాగునీరూ పంపుతోంది. ఈ గుహలున్న అనంతగిరి కొండల్లోనే పుట్టిన శారద రైవాడ జలాశయాన్ని నింపుతుంది. అక్కడి నుంచీ విశాఖకు నీరొస్తుంది. పడమటి వైపు జారిన నీరు మాచ్‌ఖండ్‌గా, సీలేరుగా పేర్లు మార్చుకుని శబరితో కలిసి గోదావరి చేరుతుంది. ఒకే కొండవరస, నీళ్లు మాత్రం ఇటూ అటూ.

ఇలా కొండ చేసిపెట్టే పనులకు పర్యావరణ శాస్త్రంలో ఒక పేరుంది: ఆవరణ వ్యవస్థ సేవలు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మీసేవ కేంద్రం గుర్తొస్తుంది. కొండ కౌంటరు వెనక కూర్చుని నీళ్లకో రశీదు, మట్టికో రశీదు ఇస్తున్నట్టు. అనంతగిరి మండలంలో ఏ ఊరికి వెళ్లినా కొండ చేసే ఈ సేవ సూటిగా కళ్లకు కడుతుంది. ఊరి పైన వాలులో ఊట ఉంటుంది. ఊట దగ్గర చిన్న సిమెంటు తొట్టి, అక్కడి నుంచి కిందికో గొట్టం. గ్రావిటీ స్కీము అంటారు. మోటారుండదు, కరెంటు బిల్లుండదు. పైన అడవి ఉంటే వేసవిలోనూ కుళాయి కారుతుంది. లేకపోతే ఆడవాళ్లు బిందెలతో కింది వాగుకు, అంటే గెడ్డకు, దిగాలి, నిండు బిందెతో మళ్లీ ఎక్కాలి.

ఖోండుల పేరు పెట్టుకున్న రాయి

ఈ కొండల సంగతి తెలియాలంటే వాటి రాతి సంగతి తెలియాలి. తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఈ రాతికి ఖోండలైట్ అని పేరు. ఈ కొండల్లోనే బతికే ఖోండుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త పెట్టిన పేరది. ఒక తెగ పేరు ప్రపంచ భూగర్భ శాస్త్ర పుస్తకాల్లోకి రాయిగా ఎక్కడం తమాషా. కోణార్క్ గుడి కట్టిందీ ఈ రాతితోనే. చెక్కడానికి అనువుగా ఉంటుంది, అలాగే వానకీ గాలికీ త్వరగా అరిగిపోతుంది. కోణార్క్ శిల్పాల ముఖాలు చెరిగిపోవడానికి అదొక కారణం.

గుడికి చేటు చేసే ఆ గుణమే కొండకు మేలు చేసింది. రాయి లోతుగా కుళ్లి, మెత్తబడి, ఎర్రమట్టయింది. ఆ మట్టి మందంగా పరుచుకుని వాననీటిని పీల్చుకుంటుంది. కొండల నెత్తిన, చదునుగా ఉన్న చోట, లక్షల ఏళ్ల వానలకు మిగతా ఖనిజాలు కడిగిపోయి అల్యూమినియం మిగిలిపోయింది. అదే బాక్సైట్. కంతలు కంతలుగా ఉండే ఆ పొర టోపీలాగా కొండ మీద కూర్చుని వానను తాగుతుంది, ఏడాది పొడుగునా ఊటలుగా పక్కలనుంచి వదులుతుంది.

కానీ మెత్తటి మట్టి ఏటవాలుగా నిలబడాలంటే దాన్ని పట్టుకునేది ఏదో ఉండాలి. పైన ఆకుల గొడుగు వాన దెబ్బ కాస్తుంది, కింద ఎండాకు చాప నీటి పరుగు తగ్గిస్తుంది, వేళ్లు మట్టిని అల్లుకుని ఉంటాయి, చచ్చిన వేళ్ల గొట్టాలు నీటిని లోపలికి దింపుతాయి. ఈ ఏర్పాటు చెడితే అదే వాన, అదే మట్టి పగవాళ్లవుతాయి. లోపలికి దిగాల్సిన నీరు పైనే పరుగెడుతుంది. శ్రావణంలో గెడ్డ పొంగుతుంది, మాఘానికి ఎండుతుంది. కురిసిన వాన లెక్కలో ఏ తేడా ఉండదు, నిలిచే రోజుల లెక్కే మారిపోతుంది.

పోడు మీద పడిన నింద

కొండలు బోడిగా కనిపిస్తే మైదానం వాళ్లు వెంటనే చెప్పే జవాబు ఒకటుంది: పోడు. అరకు రైలు కిటికీ దగ్గర కూర్చుని చిప్సు తింటూ కూడా ఆ మాట అనేస్తారు. నూట నలభై ఏళ్ల నాటి తీర్పు అది. 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడు నేరమైంది. ఆ కోపం, దానికి తోడు నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ రోడ్డు పనికి మన్యం జనాన్ని తోలుకుపోయి కూలి సరిగా ఇవ్వని గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ దౌర్జన్యం, 1922లో అల్లూరి సీతారామరాజు వెనక జనం నడవడానికి కారణాలయ్యాయి. ఇప్పుడు ఈ కొండలున్న జిల్లాకు ఆయన పేరే. కొండవాలు మీద తొలి పెద్ద గాట్లలో ఒకటి ఆ రోడ్డు. దాన్ని తవ్విన చేతులు మన్యం వాళ్లవే, తవ్వించిన బుర్ర వేరు.

పోడు ఎలా చేస్తారో దగ్గరగా చూస్తే ఆ నింద అంత సులువుగా నిలవదు. వేసవిలో తుప్పలూ చిన్న చెట్లూ కొట్టి, ఎండబెట్టి, కాలుస్తారు. బూడిదే ఎరువు. వానలు పడగానే నాగలి పెట్టకుండా పైపైన కదిపి సామలు, చోళ్లు, జొన్న, కంది కలిపి చల్లుతారు. పనస, చింత, మామిడి, ఇప్ప మీద గొడ్డలి వేయరు. అన్నిటికన్నా ముఖ్యమైనది మొదళ్లు పీకకపోవడం. నరికిన మోడు నేలలోనే ఉంటుంది, వేళ్లు మట్టిని వదలవు, రెండు మూడేళ్లు పండించి వదిలేస్తే ఆ మోళ్లే చిగురు వేస్తాయి. నేలకు పదేళ్లకు పైగా విశ్రాంతి దొరికిన రోజుల్లో అడవి మళ్లీ లేచేది.

ఇప్పుడు అన్నేళ్లు ఆగే వీలు లేదు. జనం పెరిగారు. రిజర్వు అడవి గీతలు, ప్రాజెక్టులు, తోటలు కలిసి చుట్టూ నేలను బిగించాయి. తిరగడానికి పది వాలులున్నవాడికి రెండే మిగిలితే, రెండేళ్లకోసారి అదే నేల కాల్చాల్సి వస్తుంది. మోళ్లు చచ్చిపోతాయి. మట్టి పోయి రాళ్లు తేలతాయి. అక్కడ కొండచీపురు గడ్డి తప్ప ఏదీ నిలవదు. పోడు వల్ల వాలు చెడడం నిజమే, నేను కాదనను. చైత్రంలో ఇటుకల పండుగ రోజుల్లో రాత్రిపూట కొండల మీద మంటల గీతలు చూసినవాళ్లెవరూ కాదనలేరు. అయితే ఆ గొడ్డలి ఎన్నేళ్లకోసారి పడాలో నిర్ణయించే హక్కు గొడ్డలి పట్టినవాడి చేతిలోంచి ఎప్పుడో జారిపోయింది.

తూర్పు కనుమల మొత్తం మీద హైదరాబాదు విశ్వవిద్యాలయం పరిశోధకులు పాత పటాలనూ ఉపగ్రహ చిత్రాలనూ పోల్చి ఒక లెక్క తేల్చారు. 1920లో భూభాగంలో 43.4 శాతం ఉన్న అడవి 2015 నాటికి 27.5 శాతానికి దిగింది. పోయినదాంట్లో పెద్ద వాటా సేద్యానికే వెళ్లింది. గనులు, జలాశయాలు, రోడ్లు, ఊళ్లు మిగతాది పంచుకున్నాయి. తిలా పాపం తలా పిడికెడు. పిడికిళ్లే ఒక సైజువి కావు.

రైలు, గని, రోడ్డు

1960ల్లో కొత్తవలస నుంచి కిరండూల్ దాకా రైలుమార్గం వేశారు. ప్రయాణికుల కోసం వేసింది కాదు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపి జపాను పంపడానికి వేసింది. 58 సొరంగాలు. సిమిలిగుడ స్టేషను దగ్గర పట్టాలు 996 మీటర్ల ఎత్తుకు చేరతాయి. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అంతకన్నా ఎత్తైన స్టేషను చాలాకాలం లేదు. ఇంజినీర్ల పనితనానికి దండం పెట్టాల్సిందే. ఆ దండంతో పాటు, వానాకాలంలో బండలు పట్టాల మీద పడి రైళ్లు ఆగడం కూడా ఈ మార్గానికి ఆనవాయితీ అయింది. 2023 సెప్టెంబరులో ఒడిశా వైపు మనబార్, జరతి స్టేషన్ల మధ్య కొండచరియ విరిగి మార్గం మూతపడింది. వాలు అడుగును కోసి పట్టాలు వేస్తే పైనున్న బరువుకు ఆసరా పోతుంది. రాయి గట్టిదైతే నిలుస్తుంది, కుళ్లిన ఖోండలైట్ అయితే తడిసినప్పుడల్లా కిందికి చూస్తుంది. ఇప్పుడు ఇదే మార్గంలో రెండో లైను పనులు సాగుతున్నాయి. అంటే అదే వాలుకు మరో కోత.

గనుల కథ బొర్రా పక్క ఊళ్లలోనే మలుపు తిరిగింది. గిరిజన ప్రాంతంలో కాల్సైట్ తవ్వకాలకు ప్రైవేటు కంపెనీలకు ఇచ్చిన లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. నిమ్మలపాడు పేరు అలా దేశమంతా తెలిసింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. గిరిజన ప్రాంతాల్లో భూముల బదిలీని కట్టడి చేసే 1/70 చట్టంలోని ‘వ్యక్తి’ అన్న మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని అందులో తేల్చారు. న్యాయశాస్త్ర విద్యార్థులు ఇది భూమి హక్కుల తీర్పుగా చదువుకుంటారు. నేను దీన్ని నీటి తీర్పు అని కూడా అంటాను. గోస్తని ఎగువన వాలు తవ్వకుండా ఆపినది ఏ అటవీ ప్రణాళికో కాదు, ఆ తీర్పు.

బాక్సైటు దగ్గర పోరు ఇంకా పెద్దది. గాలికొండ, రక్తకొండ, జెర్రెల, గూడెం, సప్పర్ల కొండల నెత్తిన 50 కోట్ల టన్నులకు పైనే ఖనిజం ఉందని అంచనా. 2015లో జెర్రెల దగ్గర 1,212 హెక్టార్ల అటవీ భూమిని గనికి ఇస్తూ జీవో 97 వచ్చింది. మన్యం అట్టుడికింది. 2019లో దాన్ని రద్దు చేశారు. ఖనిజమంటే కొండ కడుపులో ఉంటుందనుకుంటాం. బాక్సైటు అలా కాదు. అది నీళ్లు తాగే ఆ టోపీయే. తవ్వాలంటే టోపీ తీసేయాలి. తీశాక చెట్లు నాటొచ్చు, నాటుతారు కూడా. పదుల అడుగుల కంతల పొరను మాత్రం ఎవరూ తిరిగి అతికించలేరు.

ఇక రోడ్లు. ఇక్కడ నా కలం కాస్త తడబడుతుంది. పురిటి నొప్పులు పడుతున్న మనిషిని డోలీ కట్టి మోసుకెళ్లే ఫొటోలు ఇదే ఆదివారం పత్రికల్లో మీరు చూశారు. ఆ ఊళ్లకు రోడ్డు వద్దని రాసే ధైర్యం నాకు లేదు, ఉండకూడదు కూడా. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: తవ్విన మట్టి ఎక్కడ పోశారు? రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం వైపు సాగే 516ఈ జాతీయ రహదారి పనుల్లో వాలు కోసిన చోట్లు చూడండి. ప్రొక్లెయిన్ పైవాలు కోస్తుంది. తీసిన మట్టిని లారీలో ఎత్తి దూరం తీసుకెళ్లాలంటే ఖర్చు. రోడ్డు అంచున నెట్టేస్తే ఖర్చులేదు. నెట్టిన మట్టి కిందవాలు చెట్లను కప్పేసి, మొదటి వానకే గెడ్డలోకి దిగుతుంది. గెడ్డ పక్క మెట్ల పొలాల్లో ఇసుక మేట వేస్తుంది. తూములు ఇరుగ్గా కడితే పది గెడ్డల నీరు ఒకే నోట్లోంచి దూకి, కింద కొత్త లోయ తవ్వుతుంది. రోడ్డుకు అంచనాలు వేసిన కాగితాల్లో ఈ నష్టానికి వరస ఉండదు, అది రైతు ఖాతాలో పడుతుంది.

2024 సెప్టెంబరు రెండో వారంలో కుండపోత వానలకు గూడెం కొత్తవీధి మండలం చట్రాపల్లి దగ్గర రాత్రివేళ కొండచరియ ఇళ్ల మీదికి జారింది. ఒక ప్రాణం పోయింది. అంతకు నెలన్నర ముందే కేరళలోని వయనాడులో ముండక్కై, చూరల్‌మల ఊళ్లు కొట్టుకుపోవడం టీవీల్లో చూసి, ‘మన కొండలు అలాంటివి కావులే’ అనుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని. పడమటి కనుమలంత వాన ఇక్కడ పడదు, నిజమే. కానీ తుపాను దారిలో ఉన్నాం.

కాఫీ కింద నేల

చెడిన వాలుకు మందుగా ఇక్కడ వచ్చింది కాఫీ. పోడు మానిపించాలని అటవీశాఖ, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, కాఫీ బోర్డు దశాబ్దాలుగా నాటించాయి. ఏజెన్సీలో తోటలు లక్ష ఎకరాలు ఎప్పుడో దాటాయి. 2019లో అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీకి నీడ కావాలి కాబట్టి చెట్టుండాలి. చెట్టుంటే వాలుంటుంది. మిరియం తీగ అదనపు ఆదాయం. ఒకే కుటుంబం అదే వాలును ఏటా కాల్చకుండా ముప్పై ఏళ్లు సాకుతోందంటే అది మామూలు సంగతి కాదు. అనంతగిరిలో తోటల కింద చెయ్యి పెడితే నేల చల్లగా, మెత్తగా తగులుతుంది. పక్కనే బోడివాలు మీద అదే చెయ్యి కాలుతుంది.

అయితే ఆ నీడ ఎవరిది? ఎక్కువ చోట్ల సిల్వర్ ఓక్‌ది. ఆస్ట్రేలియా చెట్టు, నిటారుగా, త్వరగా పెరుగుతుంది. పిట్ట తినే పండు దానికి లేదు, మనిషి తినే కాయా లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ చెట్లు వరసలు వరసలుగా విరిగి కాఫీ మొక్కల మీదే పడ్డాయి. నీడా పోయింది, పంటా పోయింది. పనస, మామిడి, నేరేడు కలిపి పెంచిన పాత తోటల్లో నడిస్తే పిట్టల చప్పుడుకే తేడా తెలుస్తుంది. ఇంకో చిక్కు, పండు తొక్క తీసి గింజ కడిగిన నీళ్లు. పులిసిన ఆ నీటిని గుంటలో ఇంకించకుండా వదిలేస్తే గెడ్డలో ఆక్సిజన్ పడిపోయి కంపు కొడుతుంది. గెడ్డ కింద మరో ఊరుంటుంది కదా. ఇంత చెప్పినా, ఈ కొండల మీద మనిషి వేసిన గాట్లలో కాస్తో కూస్తో మానిన గాటు ఏదంటే కాఫీనే చూపిస్తాను.

మానని గాట్లు ఇప్పుడు సెలవురోజుల్లో పడుతున్నాయి. వంజంగి కొండ మీద తెల్లవారుజామున మేఘాలు చూడడానికి జనం బారులు తీరుతున్నారు. వేల అడుగులు తొక్కిన బాట మీద గడ్డి చస్తుంది, బాట కాలువవుతుంది, వానకు కాలువ గండి అవుతుంది. ఘాట్ రోడ్డు పొడుగునా బొంగు చికెన్ దుకాణాలు. ప్రతి బొంగూ ఆరోజు కొట్టిన పచ్చి వెదురే, వండాక బూడిదే. వాలు అంచున మట్టిని బిగించి పట్టుకోవడంలో వెదురు గుబురును మించింది లేదు. నేనూ తిన్నాను. బాగుంది. రెండోసారి అడగబోయి ఎందుకో ఆగాను.

తిరుగుదారిలో తాటిపూడి దగ్గర దిగాను. గట్టు మీద నిలబడితే వచ్చిన కొండలన్నీ వరసగా, నీలంగా కనబడతాయి. ఇంత దూరం నుంచి చూస్తే గాటూ కనబడదు, బోడివాలూ కనబడదు. వేసవి మొదలైంది కనుక నీరు వెనక్కి జరిగి, అంచంతా ఒండ్రు తేలి పగుళ్లిచ్చింది. పశువుల కాపరి ఒకాయన గేదెలను దాని మీదుగానే నీళ్లకు తోలుతున్నాడు, అడుగు దిగబడిన చోటల్లా తిట్టుకుంటూ. ఒక పెళ్ల తీసి అరచేతిలో నలిపాను. మెత్తటి ఎర్రమట్టి, మధ్యలో ఇసుక. ఎండకు పట్టి చూస్తే ఆ ఇసుకలో ఆవగింజలో సగమంత ఎర్రటి రవ్వలు తళుక్కుమన్నాయి. గార్నెట్. ఖోండలైట్ రాయి అరిగితే మిగిలే రవ్వ. పెళ్లను జేబురుమాలులో మూటగట్టుకుని విశాఖ బస్సెక్కాను.